చెరసాల చాప్లిన్ ఫాదర్ ఫ్రాంజ్ స్టాక్ గారు

మన అధ్యక్ష మండల శతాబ్ది సంచికలో తొలి మిషనరీలను గూర్చి, మన దేశీయ గురువులను గూర్చి, బడులు ఆసుపత్రులు కట్టించిన దొరసానులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. వారి వ్యాసముల నడుమ నేను ఒక పరాయి పేరు తెచ్చి పెడుతున్నాను. ఆయన మన సంఘమువారు కారు, మన దేశమువారు కారు. కథోలిక గురువు, పుట్టుకచేత జర్మను. చెరసాలలో చాప్లినుగా పనిచేసి, తరువాత తానే యుద్ధఖైదీయై, తోటి ఖైదీలకు వేదాంత విద్య చెప్పించి, నలుబది మూడేండ్లకే కన్నుమూసినవారు. చనిపోయిన నాడు ఆయన మరణవార్తను బహిరంగముగా ప్రకటించుటకు కూడా వీలు లేకపోయింది. అటువంటి మనిషిని శత్రుదేశపు ప్రజలు ఎట్లు జ్ఞాపకము చేసికొన్నారో మన సంఘస్థులకు చెప్పవలెనని నా కోరిక.

ఫ్రాంజ్ స్టాక్ గారు 1904వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతములో నేహైమ్ అను పట్టణములో ఒక కార్మిక కుటుంబమున పుట్టారు. తొమ్మిదిమంది పిల్లలలో ఆయనే పెద్దవారు. ఆయనకు పదేండ్లు నిండకమునుపే మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది. ఆ తరము జర్మను పిల్లలకు ఫ్రాన్సు అంటే పగవారి దేశము. ఫ్రాన్సులోని పిల్లలకు జర్మనీయూ అంతే. తండ్రులు, మేనమామలు కందకములలో చచ్చిపోయిన ఇండ్లలో పెరిగిన పిల్లలకు ప్రేమించుమని చెప్పుట సులభము కాదు.

అయితే 1926లో ఫ్రాన్సు దేశములో బియర్‌విల్ అనుచోట మార్క్ సాన్యే అను కథోలిక నాయకుడు యౌవనుల శాంతి మహాసభ జరిపించారు. అనేక దేశములనుండి వేలాది యువతీ యువకులు వచ్చారు. గురువిద్యార్థియైన స్టాక్ గారు కూడా వెళ్లారు. మన యౌవనుల కూటములకు వెళ్లి వచ్చిన పిల్లలు వారము దినములు ఉత్సాహముగా ఉండి తరువాత మరచిపోవుట మనము చూస్తూనే ఉన్నాము. ఈయన మాత్రము మరచిపోలేదు. ఫ్రెంచి భాష పట్టుదలతో నేర్చుకొన్నారు. 1928లో పారిస్ కథోలిక విద్యాపీఠములో వేదాంతము చదువుటకు చేరారు. మధ్యయుగముల తరువాత ఫ్రాన్సులో వేదాంతము చదివిన మొదటి జర్మను విద్యార్థి ఆయనే అని చెబుతారు. అసిస్సీ ఫ్రాన్సిసు గారి అడుగుజాడలలో సాదా జీవితము గడుపుచు, కాలినడకన యాత్రలు చేసే ఒక సహవాసములో కూడా చేరారు. 1932 మార్చి 12న పాడర్‌బోర్న్‌లో గురుపట్టము పొందారు. 1934లో పారిస్ నగరములోని జర్మను కథోలికుల సంఘమునకు గురువుగా పంపబడ్డారు. లోమోన్ వీధిలో 23వ నంబరు ఇల్లు ఆయన నివాసము. ఈ చిరునామాను గుర్తుంచుకొనవలెను, మరల దీని ప్రస్తావన వస్తుంది.

1939లో యుద్ధము రాబోవుచుండగా ఆయన జర్మనీకి తిరిగి వెళ్లవలసి వచ్చింది. 1940లో పారిస్ నగరము జర్మను సైన్యము వశమైన తరువాత మరల వచ్చారు. మునుపు స్నేహితుడుగా వచ్చినవారు ఇప్పుడు జయించిన జాతి మనిషిగా అదే వీధిలో నడవవలసి వచ్చింది.

ఇక చెరసాలల సంగతి. పారిస్‌లో ఫ్రేన్, లా సాంతే, షెర్ష్ మిది అను మూడు పెద్ద జైళ్లను జర్మను అధికారులు వాడుకొన్నారు. ఆక్రమణను ఎదిరించినవారిని, రహస్యముగా కరపత్రములు అచ్చువేసినవారిని, వంతెనలు పేల్చినవారిని, పట్టుబడిన విమానికులను దాచినవారిని అక్కడ పెట్టేవారు. భార్యా పిల్లలకు వారు బ్రతికియున్నారో లేదో తెలిసేది కాదు. 1941నుండి ఫాదర్ స్టాక్ గారు ఈ జైళ్లకు చాప్లినుగా నియమింపబడ్డారు. ప్రతిదినము గదివెంట గది తిరిగేవారు. నమ్మినవారికి పాపసంకీర్తనము విని దివ్యసత్ప్రసాదము ఇచ్చేవారు. దేవుడు లేడన్న కమ్యూనిస్టు ఖైదీల గదిలోనికి కూడా వెళ్లి కూర్చునేవారు. వారిని మతములోనికి లాగుటకు ప్రయత్నించినట్లు ఎవరూ చెప్పలేదు. మనిషికి మనిషి తోడు అన్నట్లు వెళ్లారు.

అధికారులు ఆయనకు ఇచ్చిన అనుమతి ఆత్మీయ విషయములకు మాత్రమే. వార్తలు మోయుట నేరము. పట్టుబడితే తానే ఆ గదులలో ఒకదానిలో పడవలసినది. అయినను ఆయన మోశారు. ఖైదీల బంధువులు లోమోన్ వీధి ఇంటికి వచ్చి తమవారి పేర్లు చెప్పి ఏడ్చేవారు. మరునాడు ఆయన ఆ గదికి వెళ్లి, ఇంటివారు క్షేమమని, బిడ్డ పుట్టినదని, ఫలానావాడు పట్టుబడలేదని మెల్లగా చెప్పేవారు. ఫ్రేన్ జైలులో ఉండిన ఎడ్మండ్ మిష్లే అను ఆయన తరువాత ఈ సంగతి చెప్పారు: కాపలావాడు తలుపు దగ్గర నిలిచి వింటూండగా, ఫాదరుగారు ఆయనతో కలిసి మోకరించి జపము మొదలుపెట్టి, ఆ జపము మాటల నడుమనే అదే స్వరముతో ఇంటి కబురులు చేర్చి వినిపించారట. ఈ మిష్లే గారు అక్కడినుండి 1943లో దాహావు నిర్బంధ శిబిరమునకు పంపబడి, బ్రతికి బయటపడి, 1959లో ఫ్రాన్సు దేశపు న్యాయశాఖ మంత్రి అయ్యారు.

ప్రార్థనలో వార్తలు చేర్చుట తగునా అని ఒక బైబిలు తరగతిలో ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. చెరలో ఉన్నవానికి అతని భార్య క్షేమమని చెప్పుటకంటె ప్రార్థనలో చేర్చదగిన మాట ఇంకేమున్నదో నాకు తోచలేదు, ఆ మాటే చెప్పాను.

పారిస్ నగరమునకు పడమట మోం వాలేరియెన్ అను కొండ ఉన్నది. దానిమీద పాత కోట. ఆ కోటలోని ఒక పల్లపు మైదానములో మరణశిక్ష పడినవారిని కాల్చేవారు. 1941నుండి 1944వరకు అక్కడ కాల్చబడినవారు వెయ్యిమందికి పైగా ఉన్నారు. శిక్ష అమలు జరుగబోవుచున్నదని ఖైదీకి తరచు కొద్ది గంటల ముందు మాత్రమే తెలిపేవారు. ఆ కొద్ది గంటలు ఫాదర్ స్టాక్ గారు వారితో ఉండేవారు. చివరి ఉత్తరము వ్రాసికొనుటకు కూర్చున్నవారి ప్రక్కన ఉండి, లారీలో వారితో కలిసి ప్రయాణము చేసి, కోటలోని చిన్న దేవాలయములో వారు వంతుకొరకు కనిపెట్టునప్పుడు అక్కడే నిలిచి, గుంజకు కట్టిన తరువాత కూడా కనబడునంత దూరములో నిలిచేవారు. ఆ దేవాలయపు గోడలమీద ఆ మనుష్యులు గీసిన చివరి మాటలు ఈనాటికి ఉన్నాయి. 1941 ఆగస్టు 29న కాల్చబడిన నౌకాదళ అధికారి ఒనొరే దెస్తియెన్ దోర్వ్ గారికి తోడుగా వెళ్లినది ఈయనే. ఆ తరువాత ఒక్కొక్క దినమున పదులకొలది మనుష్యులు. ఇంటికి వచ్చి రాత్రి దినచర్య పుస్తకములో ఆ దినము ఎవరు పోయారో, ఎట్లు పోయారో, ఎక్కడ పాతిపెట్టారో క్లుప్తముగా వ్రాసుకొనేవారు.

ఆ పుస్తకము ఎందుకు ముఖ్యమైనదంటే, శవములను జర్మను అధికారులు ఒకేచోట పాతిపెట్టనివ్వలేదు. ప్రజలు అక్కడ గుమిగూడి పూలు వేస్తారని భయపడి, పారిస్ చుట్టుప్రక్కల వేర్వేరు శ్మశానములకు పంపేవారు. కావున విధవరాలికి తన భర్త సమాధి ఎక్కడో తెలియదు. తెలిసినవారు ఒక్కరే, లోమోన్ వీధి ఫాదరుగారు. తమ బిడ్డ భయపడ్డాడా, ఏమైనా చెప్పాడా, ఎవరిని తలచుకొన్నాడు అని అడుగుటకు తల్లులు ఆయన గుమ్మము ఎక్కేవారు. అతడు జర్మనుగదా అని మొదట జంకినవారు కూడా వచ్చేవారు. తమ కుమారుని కాల్చిన జాతి మనిషి నోటనే తమ కుమారుని చివరి మాట వినవలసిన ఆ స్థితిని తలచుకొంటే మనకు నోట మాట రాదు. వినిపించవలసిన ఆయన స్థితి ఇంకెట్టిదో.

ఇక్కడ ఒక విషయము దాచకుండా చెప్పవలెను. ఆయన ఒక్క తూటాను కూడా ఆపలేకపోయారు. కాల్చే సైన్యమే ఆయనను చాప్లినుగా ఉంచుకొన్నది. గురువును వెంట పంపి అన్యాయమునకు మర్యాద అద్దుకొన్నారుగదా, ఆయన విడిచి వెళ్లిపోవలసినది కాదా అని అడుగువారు ఉన్నారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు, చరిత్ర వ్రాయువారు దానిని దాటవేయకూడదు. నా మట్టుకు నేను ఇట్లు తలస్తాను: ఆయన విడిచి వెళ్లియుంటే ఆయన మనస్సాక్షి శుభ్రముగా ఉండేది, ఆ వెయ్యిమంది మాత్రము ఒంటరిగా చచ్చేవారు. ఆయన తన మనస్సాక్షి సుఖముకంటె వారి చివరి గంట ఎక్కువ అనుకొన్నారు. దానికి వెల ఆయన శరీరము చెల్లించింది. గుండె జబ్బు ఆ యేండ్లలోనే ముదిరింది.

మనలో చాలామందికి చెరసాల పరిచర్య అంటే, క్రిస్మసుకు ముందు ఒక ఆదివారము యౌవనుల గాయక బృందమును వెంటబెట్టుకొని సెంట్రల్ జైలుకు వెళ్లి, నాలుగు పాటలు పాడి, వాక్యము చెప్పి, పండ్లు, కేకు పంచి రావడము. అది మంచిదే, నేనూ వెళ్తూనే ఉన్నాను. అయితే హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము మూడవ వచనము చదివినప్పుడెల్లా నాకు కేకు పెట్టెలు కాదు, ఆ లారీ జ్ఞాపకము వస్తుంది.

1944 ఆగస్టులో పారిస్ నగరము విడుదల పొందింది. జర్మను సైన్యము వెనుకకు పోవునప్పుడు ఫాదరుగారు కూడా పోవచ్చును. పోలేదు. లా పిత్యే ఆసుపత్రిలో కదల్చుటకు వీలులేని జర్మను క్షతగాత్రులు ఆరువందలకు పైగా ఉండిపోయారు. వారితో నిలిచారు. అక్కడనే అమెరికా సైన్యమునకు ఖైదీగా చిక్కి, షెర్‌బూర్ రేవులోని శిబిరమునకు పంపబడ్డారు. నిన్నటిదాకా జైళ్ల చాప్లిను, నేడు జైలులో ఖైదీ.

ఆ సమయమున ఫ్రాన్సులో యుద్ధఖైదీల చాప్లిన్లకు పెద్దగా ఉన్న ఫాదర్ రొదేన్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఖైదీలైన జర్మను సైనికులలో గురువిద్యార్థులు అనేకులు ఉన్నారు. చదువు మధ్యలో తుపాకి చేతికిచ్చి పంపినవారు. వారిని ఒకచోటికి చేర్చి ముళ్లకంచె లోపలనే గురువిద్యాలయము నడిపితే ఎట్లుండును? దానికి అధిపతిగా ఎవరు? ఫ్రెంచివారు నమ్మగల జర్మను ఒక్కరే కనబడ్డారు. 1945 ఏప్రిల్ నెలలో ఓర్లెయాన్‌లో విద్యాలయము ప్రారంభమైంది. అదే సంవత్సరము ఆగస్టులో షార్త్ర్ పట్టణము ప్రక్కన ల కూద్రే అను చోటికి మార్చారు. మహా దేవాలయమునకు పేరుపొందిన పట్టణము అది. విద్యాలయమునకు ఇచ్చినది మాత్రము చుట్టూ కంచె, కాపలా ఉన్న సైనిక డిపో. 1947 జూన్‌లో మూసివేయువరకు గురువులు, అధ్యాపకులు, బ్రదర్లు, విద్యార్థులు అందరు కలిసి 949మంది అక్కడ ఉన్నారు. వారిలో ఆరువందలమందికి పైగా తరువాత గురుపట్టము పొందారు. చరిత్రలో ఇంత పెద్ద ఖైదీల గురువిద్యాలయము మరియొకటి ఉన్నట్లు నేను చదువలేదు.

నేను కూడా వేదాంత కళాశాలలో చదివినవాడనే. నిండు కడుపుతో గ్రంథాలయములో ఫ్యాను క్రింద కూర్చుండి చదివితేనే హెబ్రీ వ్యాకరణము తలకెక్కుట కష్టము. వీరు ఆకలితో, చలితో, ఒకే పుస్తకమును పదిమంది పంచుకొని చదివారు. అయితే నాకు ఆశ్చర్యము అది కాదు. ఆ పిల్లలు ఎవరు? పది పన్నెండేండ్ల ప్రాయమునుండి హిట్లరు పాలన తప్ప వేరొకటి ఎరుగనివారు. బడిలో, ఆటస్థలములో, సైన్యములో తమ జాతియే గొప్పదని విన్నవారు. ఇప్పుడు ఓడిపోయి, ఇండ్లు కూలిపోయి, తమ దేశము చేసిన ఘోరములు ఒక్కొక్కటిగా బయటపడుచుండగా వింటున్నారు. సిగ్గు కొందరిని, రోషము కొందరిని తినివేస్తుంది. వారికి అధిపతిగా వచ్చిన మనిషి వెయ్యిమంది ఫ్రెంచివారు చావగా కండ్లారా చూచినవారు. జర్మను తూటాల ప్రభావము ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అట్లని ఆ పిల్లలను దండించలేదు. మీ తప్పేమీ లేదని బుజ్జగించనూ లేదు. చదువుమన్నారు, ప్రార్థించుమన్నారు, ఇంటికి వెళ్లిన తరువాత పొరుగుదేశముతో సమాధానపడుటకు పనిచేయుమన్నారు. దేవాలయముగా వాడిన గదిలో బలిపీఠము వెనుక గోడమీద తన చేతితోనే చిత్రము వేశారు. ఆయన చిత్రకారుడు కూడా.

షార్త్ర్ బిషప్పు హార్స్కూయే గారు విద్యాలయమునకు అండగా నిలిచారు. పారిస్‌లో పోపుగారి రాయబారిగా ఉండిన ఆంజెలో రొంకాల్లి గారు పలుమార్లు ముళ్లకంచె దాటి వచ్చి విద్యార్థులతో కూర్చున్నారు, అక్కడ గురుపట్టము కూడా ఇచ్చారు. ఈ రొంకాల్లి గారే 1958లో పోపు ఇరువది మూడవ యోహాను గారు అయ్యారు.

విద్యాలయము మూసిన తరువాత ఫాదరుగారు పారిస్‌కు తిరిగి వచ్చారు. బలము ఉడిగిపోయింది. 1948 ఫిబ్రవరి 24వ తేదీన కొషేన్ ఆసుపత్రిలో అకస్మాత్తుగా ప్రభువునందు నిద్రించారు. అప్పటికింకా ఆయన లెక్కలో యుద్ధఖైదీయే. ఖైదీ మరణమును బహిరంగముగా ప్రకటించకూడదు. నేహైమ్‌లోని తల్లిదండ్రుల ఇల్లు దూరము, సరిహద్దు మూసియున్నది. ఫిబ్రవరి 28న సెంట్ జాక్ దు ఓ పా దేవాలయములో భూస్థాపన ఆరాధన జరిగింది. రొంకాల్లి గారు స్వయముగా వచ్చి పెట్టెకు చివరి ఆశీర్వాదమిచ్చారు. ఫ్రాంజ్ స్టాక్ అనునది వట్టి పేరు కాదు, మనము చేయవలసిన పని అన్న భావము వచ్చునట్లు ఆయన మాటలాడారని చెప్పుకొంటారు. తియే శ్మశానమువరకు పెట్టె వెంట నడచినవారు పది పన్నెండుమంది మాత్రమే.

ఎన్ని వందల భూస్థాపనలలో చివరివరకు నిలిచిన మనిషికి వెంట వచ్చినది పదిమంది! అయితే కబురు మెల్లగా పాకింది. ప్రకటన లేకపోయినను విధవరాండ్రకు తెలిసింది, విడుదలైన ఖైదీలకు తెలిసింది. వారు మాటలాడుట ప్రారంభించారు. పేరుమోసిన వీరులను ప్రభుత్వములు జ్ఞాపకము చేయిస్తాయి. ఈయనను జ్ఞాపకము చేయించినది కాల్చబడినవారి కుటుంబములు. తమ జాతివాడు కాదు, తమ పక్షమువాడు కాదు, కొందరికైతే తమ మతమువాడును కాడు. తమవారి చివరి గడియకు సాక్షి అని చెప్పారు. ఆ సాక్ష్యమును ఎవరు కాదనగలరు?

షార్త్ర్‌లో రెషేవ్ర్ అను పేటలో బాప్తిస్మమిచ్చు యోహాను పేర క్రొత్త దేవాలయము కట్టి, 1963 జూన్ నెలలో ఆయన అస్థులను తియేనుండి తెచ్చి అక్కడ ఉంచారు. ఈసారి పదిమంది కాదు, రెండు దేశములనుండి జనసమూహము వచ్చింది. ఆ సంవత్సరము జనవరిలోనే జర్మనీ, ఫ్రాన్సు దేశములు స్నేహ ఒడంబడిక చేసికొన్నాయి. పోపు యోహాను గారు మాత్రము దానిని చూడలేదు, అదే జూన్ 3వ తేదీన మరణించారు. ఆయన 1962లో సమకూర్చిన రెండవ వాటికను మహాసభ మూలముగానే కథోలికులకు మనకు నడుమ తలుపులు కొంత తెరచుకొన్నాయి. దానికి ముందు మన పల్లెలలో వారి గుడి వాకిట మనవారు, మన గుడి వాకిట వారు నిలువని రోజులు ఉండినవని మన తాతలు చెప్పేవారు. పెండ్లి సంబంధము కలిసినా పెండ్లి ఏ గుడిలో అన్నదానిమీద ఆరునెలలు పంచాయితీ. ఆ తలుపులు తెరచినవారిలో ఒకరు ముళ్లకంచెలోని ఆ విద్యాలయమునకు పలుమార్లు వచ్చి కూర్చున్న మనిషి. కథోలిక ఫాదరుగారికి మన శతాబ్ది సంచికలో ఏమి చోటు అని అడిగేవారికి నేను చెప్పగలిగినది ఇంతే.

పాడర్‌బోర్న్ అధిపీఠము ఆయనను ధన్యుడుగా ప్రకటించుటకు కావలసిన విచారణను 2009లో ఆరంభించింది. ఆయన దినచర్య 2017లో ఫ్రెంచి భాషలో పుస్తకముగా అచ్చయింది. మోం వాలేరియెన్ వద్ద 2003లో కాల్చబడినవారి పేర్లు చెక్కిన పెద్ద కంచు గంటను నిలిపారు. ఆ స్మారక స్థలము ముందున్న ఖాళీ జాగాకు ఫ్రెంచివారు ఈ జర్మను గురువు పేరు పెట్టారు. ల కూద్రేలో విద్యార్థులు పండుకొన్న ఆ పాత డిపో ఇంకను నిలిచియున్నది, గోడమీద ఆయన వేసిన చిత్రమును చూచుటకు రెండు దేశముల బడిపిల్లలు వస్తుంటారు.